బొంత వాపసు రాని ఇల్లు

1. మంగళవారం

ఒకటో జల్లెడ శుభ్రం. రెండో జల్లెడ శుభ్రం. మూడోదానికి ఒక మూల చిరుగు, కుట్టు వేశాను. పెద్ద ఫ్యాను బేరింగు కూస్తోంది. నూనె పోశాను. ఇంకా కూస్తోంది.

ఈ పుస్తకంలో ఇంతవరకే రాయాలని మా సూపర్‌వైజరు వరదప్ప ఉత్తరువు. గాలిబావి పనివాడి పుస్తకంలో గాలి సంగతులు ఉండాలట, ఇంటి సంగతులు ఉండకూడదట. ఆయన ఈ పుస్తకాన్ని ఏడాదికి ఒకసారి చూస్తాడు, అదీ అట్ట వరకే. కాబట్టి రాస్తాను. నాకు పట్టుకున్న దిగులు మా ఊళ్ళో నోటితో చెప్పుకునేది కాదు. రాయకూడదని మాత్రం ఎవరూ అనలేదు.

ఈరోజు పైకాపు వరుస అంటించారు. ఈ మూత కాలంలో మొదటి సగానికి నా పేరు పడింది. మద్దిలేటి, గాలిబావి, నాలుగో సందు.

ఎండలు ముదిరి తలుపులు మూశాక తొలకరి పడేదాకా ఊరంతా నాపరాయి కింద, ఎవరి అరలో వాళ్ళు, గొట్టంలోంచి వచ్చే గాలి పీల్చుకుంటూ ఉండిపోతుంది. ఆ గాలిని గాలిబావిలోంచి కిందికి తోలే ఫ్యాన్లు మాత్రం పైనే ఉంటాయి. జల్లెడలకు దుమ్ము పట్టినప్పుడల్లా దులపడానికి పైన ఒక మనిషి ఉండాలి. సగం కాలం ఒకడు, మిగతా సగం ఇంకొకడు. వరుస వచ్చినవాడు వెళ్ళాల్సిందే. నేను తప్పించుకుంటే నా తర్వాత ఉన్నది నిన్నగాక మొన్న పనిలో చేరిన కుర్రాడు. వాడికి నిచ్చెన ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి.

పోయినేడు పైకాపు ఈరన్నది. జల్లెడ దులపడం ఒక్క నిమిషం పనే కదా అని నడుముకు తాడు కట్టుకోకుండా బయటికి వెళ్ళాడు. అగ్గిగాలి లేచింది. వాడు మళ్ళీ కిందికి రాలేదు. వాడికి తల్లి లేని పిల్లలు ఇద్దరు. తనకేమైనా అయితే వాళ్ళను ఎవరు చూడాలో, మారుకాపు ఎవరో, రాయించమని ఆఫీసువాళ్ళు మొత్తుకున్నా నవ్వేసేవాడు. పేరు లేదు కాబట్టి ఆఫీసు తన పద్ధతి తాను చేసింది. పెద్దవాణ్ణి తూర్పు పిల్లల అరకు, చిన్నదాన్ని పడమటి పిల్లల అరకు పంపింది. మూత కాలంలో ఆ రెంటికీ మధ్య తలుపు తీయరు. వాన పడ్డాక కలిపితే ఆ చిన్నది అన్న దగ్గరికి పోకుండా ఆయా చీర పట్టుకుని వెనక దాక్కుందట.

నాకూ ఇద్దరు. చౌడేశ్వరికి పదేళ్ళు. నరసక్కకు నాలుగు. వాళ్ళమ్మ గంగమ్మ పోయి రెండేళ్ళయింది. నరసక్క అక్క పక్కన తప్ప పడుకోదు.

2. గురువారం

ఒకటో జల్లెడ, రెండో జల్లెడ శుభ్రం. బేరింగు సంగతి వరదప్పకు చెప్పాను. "వింటా ఉండా" అన్నాడు. బేరింగునా నన్నా అన్నది తెలియలేదు.

మారుకాపుగా ఉండమని మా కింది ఊళ్ళో ఎవరినీ నోటితో అడగరు. నేను పోతే నా పిల్లల్ని చూసుకో అని ఎదుటి మనిషి మొహాన అంటే, చావును పిలిచి పీట వేసినట్టే లెక్క. అందుకని బొంత పంపుతాం. పిల్లే తన బొంత చుట్టుకుని వెళ్ళి వాళ్ళ గడప మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. తెల్లారేసరికి బొంత వాపసు రాకపోతే ఒప్పుకున్నట్టు; మూత పడేసరికి పిల్ల వాళ్ళ అరకు మారుతుంది. వస్తే దాని మూలకు బెల్లం ముక్క కట్టి ఉంటుంది. బెల్లం వచ్చిందని కోపం పెట్టుకోకూడదు. ఎందుకని అడగకూడదు. ఎదురుపడితే వానల గురించి మాట్లాడుకోవాలి.

మేనమామ ఉండగా ఇంకొకరెందుకు అని నేను మొదట సుంకన్న ఇంటికే పంపాను. సుంకన్న గంగమ్మ తమ్ముడు, ఏడో సందులో ఉంటాడు. పుట్టగొడుగుల మళ్ళలో పని. భార్య, ఇద్దరు కొడుకులు. గంగమ్మ పోయిననాడు నా భుజం పట్టుకుని "నేనుండా బావా" అన్నవాడు.

నిన్న సాయంత్రం చౌడేశ్వరి బొంత పెట్టి వచ్చింది. రాత్రి పిల్లలిద్దరూ నా పాత పంచె కప్పుకుని పడుకున్నారు. "బొంత యాడికి పోయిందక్కా" అని నరసక్క అడుగుతూనే ఉంది.

పొద్దున బొంత మా గడప మీద ఉంది. మూలన బెల్లం.

బెల్లం పిల్లలకు పెట్టాను. నరసక్క చేతులు నాకి ఇంకా ఉందా అని అడిగింది. కోపం పెట్టుకోకూడదని పైన రాశాను కదా. పెట్టుకున్నాను. నిండా పెట్టుకున్నాను. మధ్యాహ్నం సుంకన్న పుట్టగొడుగుల బండి తోసుకుంటూ ఎదురొస్తే వానల గురించి కూడా మాట్లాడకుండా పక్క సందులోకి తిరిగాను.

3. శనివారం

మూడో జల్లెడ మళ్ళీ చిరిగింది. పైన గాలి నిన్నటికన్నా వేడిగా ఉంది. గుమ్మం ఇనుము చేత్తో పట్టుకోలేకపోయాను. ఈ ఏడు మూత ముందుకు జరగవచ్చని వరదప్ప అన్నాడు. ఎన్నాళ్ళు ముందుకని అడిగితే ఎండనే అడగమన్నాడు.

ఎవరిని అడగాలి? రెండు రోజులుగా సందులో ఎవరు ఎదురైనా నాకు మనిషి కనబడడం లేదు, తలుపు మీది పలకే కనబడుతోంది. ప్రతి అర తలుపుకూ ఇత్తడి పలక ఉంటుంది, లోపల ఎంతమందికి గాలి వదులుతున్నారో ఆ అంకెతో; గొట్టం పట్టినంత మేరకు ఆఫీసులో అంకె పెంచుకోవచ్చు. ఈ ఇంట్లో చోటుంది గానీ ఆ ఇల్లాలు పిల్లల్ని గిల్లుతుంది. ఆ ఇంట్లో మనుషులు మంచివాళ్ళు గానీ గొట్టం ఇంకొకరికి చాలదు. మనుషుల్ని ఇలా చూడడం నాకే సిగ్గుగా ఉంది. చూడకుండా ఉండలేకపోతున్నాను.

హుసేనమ్మ పేరు నాకు తట్టలేదు. తట్టినా తోసేసేవాణ్ణి. మా సందు చివర ఒంటరిగా ఉంటుంది. బడిలో వంట చేసి మానేసిన మనిషి. నోరు మంచిది కాదు. తన గోడలో గాలిగొట్టం దడదడ కొట్టుకుంటోందని నెలకొక అర్జీ పెడుతుంది. వెళ్ళి చూస్తే గొట్టం బుద్ధిగానే ఉంటుంది. కానీ నరసక్క రోజూ సాయంత్రం వేయించిన చెనక్కాయల కోసం ఆ ఇంటికే పరిగెత్తుతుంది.

ఈరోజు నీళ్ళ కొళాయి దగ్గర నా వెనకే నిలబడింది. నా బొంత వాపసు వచ్చిన సంగతి సందంతా తెలుసు. ఎవరూ అనరు, అంతే.

"ఏమప్పా మద్దిలేటీ, మీ చిన్నది రాత్రిపూట లేస్తాదా?"

"లేస్తాది పెద్దమ్మా."

"నీళ్ళకా, భయానికా?"

"భయానికే."

"ఊఁ. సంగటి తింటాదా?"

"ఊరిబిండి ఉంటే తింటాది."

"ఊరిబిండి లేకుంటే ఎవురికి దిగుతాదిలే." కడవ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. నా వంతు నీళ్ళు పొర్లిపోతున్నాయని పక్కవాళ్ళు చెబితే గానీ నాకు తెలియలేదు.

సాయంత్రం చౌడేశ్వరి చేత బొంత ఆ గడప మీద పెట్టించాను.

ఆదివారం, అదే కాగితం మీద: తెల్లారింది. బొంత రాలేదు. ఇంకో రెండుసార్లు తలుపు తీసి చూశాను. రాలేదు. ఫ్యాను దగ్గర నేను పాట పాడుతున్నానని వరదప్ప అన్నాడు. నాకు పాట రాదు.

4. సోమవారం

జల్లెడలు చూశాను. ఏం చూశానో గుర్తులేదు.

పొద్దున పనికి వెళ్తూ హుసేనమ్మ తలుపు ముందు ఆగాను. పాత పలక మీద ఒకటి ఉండేది. అది తీసి కొత్తది తగిలించారు. దాని మీద రెండు ఉంది.

మూడు ఉండాలి. ఆమె, నా ఇద్దరు. నిలబడి మళ్ళీ చూశాను, అంకె ఏమైనా మారుతుందేమోనని. తలుపు తీసి హుసేనమ్మే బయటికి వచ్చింది.

"పెద్దమ్మా, పలక మీద రెండే ఉంది."

"ఔ. నేనొకతి, పిల్ల ఒకతి."

"పిల్లలు ఇద్దరు గదా."

ఆమె నా మొహంలోకి చూసింది. "బొంత ఒకటే పంపిస్తివి గదప్పా."

ఊరందరికీ ఒక బొంత అంటే ఒక పిల్ల. ముగ్గురు పిల్లలున్న ఇంటినుంచి మూడు బొంతలు వెళ్ళడం చిన్నప్పటినుంచీ చూస్తున్నవాణ్ణి, నాకు తెలియక కాదు. మా పిల్లలకు ఉన్నదే ఒక్క బొంత. నరసక్క కడుపులో ఉండగా గంగమ్మ తన చీరలన్నీ కలిపి మామూలుకు రెండింతలు పెద్దగా కుట్టింది, ఇద్దరూ ఒకదాని కిందే పడుకోవాలని. ఆ బొంత చూస్తే నాకు ఇద్దరూ కనబడతారు. మిగతావాళ్ళకు బొంతే కనబడుతుందని నాకు తోచలేదు.

"పెద్దది మేనమామ కాడికి పోతాదేమో అనుకుంటి" అంది హుసేనమ్మ. "చిన్నదే గదా నా యింట్లో తిరుగుతా ఉండేది."

"మూడు చేయించగూడదా?"

"గొట్టం మా ఆయన కాలంది. రెండుకు మించి ఒప్పుకోదు. నీకే తెలుసు గదా, నువ్వే గదా వచ్చి చూసిపోతావు."

తెలుసు. ఆ గొట్టం నా చేత్తో ఎన్నిసార్లు తడిమానో. ఆమె అబద్ధమాడడం లేదు. బొంత పంపిన ఆత్రంలో నేనే అది మరిచాను.

"అయితే బొంత వాపసు..."

"పెట్టుకున్న బొంత వాపసిచ్చే ఇల్లు గాదు ఇది" అంది. "దాంట్లో కట్టేకి నా కాడ బెల్లం గూడా ల్యా."

5. మంగళవారం

బేరింగు మార్చారు. కూత ఆగింది. ఇప్పుడు ఆ నిశ్శబ్దం భయంగా ఉంది. మూత ఈ శనివారానికే అని ప్రకటించారు. ఇంకో పది రోజులు ఉంటుందనుకున్నాను.

ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఆయన చెడ్డవాడు కాదు. ఓపిగ్గా విన్నాడు. "ఒకరిని ఒక ఇంట్లో, ఇంకొకరిని ఇంకో ఇంట్లో రాయించండి. అసలు పేరే లేకపోవడం కన్నా అది నయం కదా" అన్నాడు. నయమే. ఆ మాటే నన్ను తినేస్తోంది. పైన నాకేమైనా అయితే ఇద్దరూ వేర్వేరు సందుల్లో, మధ్య తలుపు మూసి ఉండగా, ఎవరి గోడకు వాళ్ళు తిరిగి ఏడుస్తారు. ఆ తర్వాత కూడా కాగితం మీద వాళ్ళవి రెండు ఇళ్ళే.

అక్కణ్ణుంచి సుంకన్న దగ్గరికి వెళ్ళాను. ఎందుకని అడగకూడదు. అడిగాను. తడి మళ్ళ మధ్య, బుట్ట చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"కోపమొచ్చిందా బావా?"

"వచ్చింది."

"రావాల్సిందేలే." బుట్ట కింద పెట్టాడు. "ఆ బొంత మాయక్క కుట్టేటప్పుడు సూదికి దారం ఎక్కించి ఇచ్చింది నేను. ఇద్దరికని కుట్టె. మా గొట్టానికి ఇంగొక్కరికే చోటుండాది. ఒక పిల్లని పెట్టుకొని ఒక పిల్లని పొమ్మనేదెట్ల? ఆ బొంతని సగం పెట్టుకోలేను గదా. రాత్రంతా నేనూ మాయింటామె కూచోని ఆలోచన చేస్తిమి. పొద్దున ఆమె ఏడ్చుకుంటా బెల్లం కట్టె."

"చెప్పొచ్చు గదరా."

"అడగగూడదు, చెప్పగూడదు అని పెట్టుకునింది మనమే గదా బావా."

బొంత పెట్టుకున్నామెకు నా బొంత అర్థం కాలేదు. వాపసు పంపినవాడికి అర్థమైంది. ఈ అయిదు రోజులూ వీణ్ణి మనసులో తిట్టని తిట్టు లేదు.

చివరికి తేలింది ఆఫీసు ఆయన చెప్పిందే. నరసక్క హుసేనమ్మ దగ్గర, చౌడేశ్వరి మేనమామ దగ్గర. "రేపో ఎల్లుండో పెద్దదాని బొంత పంపు. పలక మార్పిస్తా" అన్నాడు సుంకన్న. అని, నా వైపు చూడకుండా బుట్ట ఎత్తుకున్నాడు.

6. బుధవారం

జల్లెడలు మూడూ శుభ్రం.

పొద్దున చౌడేశ్వరికి చెప్పాను. సంగటి ముద్ద చేతిలో పట్టుకుని వింది.

"మామ సందుకీ మన సందుకీ మధ్య తలుపు తీస్తారా నాయనా?"

"మూతలో తీయరమ్మా."

"నువ్వొచ్చేదాకానా?"

"నేనొచ్చేదాకానే." అంతకంటే చెప్పలేదు. చెప్పకపోయినా దానికి తెలుసు. ఈరన్న కొడుకు దాని బెంచీలోనే కూర్చుంటాడు.

సాయంత్రం పని నుంచి వస్తుంటే హుసేనమ్మ గడప మీద పిల్లలిద్దరూ కనిపించారు. మధ్యలో మా బొంత పరిచి ఉంది. నరసక్క ఒక కొస లాగి పట్టుకుంది, ఆట అనుకుని నవ్వుతోంది. చౌడేశ్వరి చేతిలో బ్లేడు. బొంత నడిమధ్య కుట్టు ఒక్కొక్కటే తెంపుతోంది.

"ఏం చేస్తాండావు?"

"మామకి గూడా బొంత పంపాల గదా నాయనా. మా ఇద్దరికీ ఉండేది ఒకటే." తల ఎత్తకుండానే చెప్పింది. "అమ్మ పచ్చచీర ఉండే పక్క నరసికి. అది ఆ పచ్చది పట్టుకోకుంటే నిద్రపోదు. నాకు ఈ పక్క చాలు."

సగం దాకా వచ్చేసింది. తెంపిన చోట లోపలి పాత గుడ్డలు బయటికి వచ్చి వేలాడుతున్నాయి. హుసేనమ్మ లోపల పీట మీద కూర్చుని చూస్తోంది. నేనూ ఆపమనలేదు. ఆపి దానికి ఏం చెప్పాలి?

ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాను. నిచ్చెన ఎక్కడానికి, అగ్గిగాలికి, ఒంటరిగా ఉండడానికి నాకు భయం లేదు. పదేళ్ళ పిల్ల అంత నిమ్మళంగా కుట్టు తెంపుతుంటే భయం వేసింది. చాలాసేపు ఏడ్చాను.

7. గురువారం

పొద్దున తలుపు తీస్తే గడప మీద ఒక బొంత ఉంది.

మాది కాదు. మాసిన ఎరుపు, బరువుగా ఉంది. ఇంగువ, పోపు వాసన. ఇది ఎవరి బొంతో, ఎవరు తప్పు గడప మీద పెట్టారో అనుకుంటూ మూలలు తడిమాను. బెల్లం లేదు. విప్పితే లోపల మా బొంత మడతపెట్టి ఉంది. తెంపిన చోట లావు తెల్లదారంతో అడ్డంగా, వంకరగా, గట్టిగా కుట్టి ఉంది.

నాకు అర్థం కాలేదు. చౌడేశ్వరి నా భుజం మీదినుంచి చూసింది.

"నాయనా, ఇది అవ్వ బొంత. అవ్వ కప్పుకునేది."

పరిగెత్తుకుని సందు చివరికి వెళ్ళాను. హుసేనమ్మ సామాన్లు మూట కడుతోంది.

"ఎంతసేపు ఆలోచిస్తావప్పా" అంది. "మీ తలుపు మీద పలక మూడు గదా. నువ్వు పైకి పోతే లోపల ఇద్దరు. నేనొస్తే మూడు. పిల్లోల్లు నా కాడికి వచ్చేకి చోటు లేకుంటే నేనే వాళ్ళ కాడికి వస్తా. అంతే గదా."

ఇంత చిన్న లెక్క నాకెందుకు తట్టలేదో చెబుతాను. పిల్లలే ఎప్పుడూ వెళ్తారు. మారుకాపు మనిషి తన ఇల్లు వదిలి రావడం మా ఊళ్ళో లేదు. మూత నాటికి ఖాళీగా ఉన్న అర ఊరిదైపోతుంది. వాన పడ్డాక తిరిగొచ్చి నాది అంటే ఇవ్వరు.

"పెద్దమ్మా, నీ అర పోతాది."

"పోతాది."

"మీ ఆయన దస్తగిరి పెదనాయన చేత్తో తవ్వింది గదా."

"నేను పండుకునేకి తవ్వె. నేను యాడ పండుకుంటే ఏమి." గోడ వైపు చూడకుండా అంది. చూడకుండా ఉండడానికి కష్టపడుతోందని తెలుస్తూనే ఉంది. కాసేపు ముడి బిగించి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించింది. "ఇన్ని మూతలు ఈ ఇంట్లో ఒకతే ఉంటిని. గొట్టం కొట్టుకుంటాదని అర్జీలు పెడ్తి గదా మీ మీద. అది ఎన్నడూ కొట్టుకోలేదు. ఎవురన్నా వచ్చి రొంతసేపు కూచోనిపోతారని పెడ్తి. నువ్వేమో గొట్టం చూసి పరిగెత్తిపోతావు."

నేను ఆ గడప మీదే కూర్చున్నాను. పనికి వేళ మించిపోయేదాకా కూర్చున్నాను.

లేచేటప్పుడు ఆమె అడిగింది. "మజ్జకాలంలో నువ్వు దిగొస్తావు గదా. అప్పుడు యాడుంటావు?"

దాని సంగతి నేను అనుకోలేదు. పైకాపు సగం కాలమే. రెండో మనిషి పైకెక్కగానే నేను కిందికి వస్తాను. అప్పటికి నా అరలో ముగ్గురు ఉంటారు. గంగమ్మ ఉన్నప్పుడు మా పలక నాలుగు. ఆమె పోయాక ఆఫీసువాళ్ళు వచ్చి గొట్టానికి బిగింపు వేసి మూడు చేసి, మిగిలిన గాలి ఇంకో అరకు ఇచ్చేశారు.

"ఏదో ఒకటి చేస్తాలే పెద్దమ్మా" అన్నాను.

"ఏదో ఒకటి గాదు." కళ్ళు ఎర్రజేసింది. "చోటు లేనోడు దిగిరాడు. ఈరన్న గూడా ఏదో ఒకటిలే అనేటోడు. నీకు చోటు చూసుకోని పైకి పో."

ఆఫీసు ఆయన ముక్కు గోక్కున్నాడు. పెద్దమనిషి పిల్లల ఇంటికి బొంత పంపడం తాను వినలేదన్నాడు. వద్దని మాత్రం ఎక్కడా రాసిలేదని కూడా ఆయనే అన్నాడు. చౌడేశ్వరి, నరసక్కల మారుకాపు హుసేనమ్మ, ఉండేది మద్దిలేటి అరలో. ఆమె వేలిముద్ర, నా సంతకం. సాయంత్రం మనిషి వచ్చి సందు చివరి తలుపు మీద పలక ఊడదీసుకుపోయాడు. సుంకన్నకు చౌడేశ్వరి రావడం లేదని కబురు పంపాను.

8. శుక్రవారం

నల్లమల వైపు ఆకాశం ఎర్రగా ఉందని పైనుంచి ఫోను. మూత రేపు కాదు, ఈరోజే. మధ్యాహ్నం కూత వేస్తారు. అంతలోపు నేను పైన ఉండాలి.

సామాను సర్దుకున్నాను. చివరికి నా బొంత మిగిలింది. పైన కప్పుకునే అవసరం ఎవరికీ రాదు. దాన్ని చుట్టి చంకన పెట్టుకుని ఏడో సందుకు నడిచాను. పెద్దవాడు తన బొంత తానే మోసుకుపోతుంటే సందులో పిల్లలు నవ్వారు. ఒక ముసలాయన తల తిప్పుకున్నాడు. సుంకన్న తలుపు వేసి ఉంది. గడప మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాను. వెనక్కి చూడకుండా రావడం ఎంత కష్టమో, నా కూతురు రెండుసార్లు ఎలా వచ్చిందో అప్పుడు తెలిసింది.

బొంత ఉంచుకుంటారో లేదో తెలియడానికి తెల్లారాలి. నాకు తెల్లారేదాకా వ్యవధి లేదు.

ఇంటికొస్తే హుసేనమ్మ అప్పుడే మా పొయ్యి జరిపేసింది. ఉప్పు డబ్బా నేను పెట్టిన చోట లేదు. చౌడేశ్వరి నా నీళ్ళ సీసా నింపి పట్టుకుని నిలబడింది. దాని తల మీద చెయ్యి వేశాను. "అవ్వ మాట వినండి" అన్నాను.

"నువ్వు తాడు కట్టుకో నాయనా" అంది.

నరసక్క నేను పక్క వేసుకునే చోటు చూసింది. "నీ బొంత యాడికి పోయింది?"

"మీ మామ ఇంటికి."

"మళ్ళీ బెల్లం వస్తాదా?"

"రాగూడదు" అన్నాను.

దానికి నచ్చలేదు. బెల్లం రాకూడదని ఎవరైనా అంటారా అన్నట్టు వాళ్ళక్క వైపు చూసింది.

9. పైన

ఒకటో జల్లెడ శుభ్రం. రెండో జల్లెడ శుభ్రం. అగ్గిగాలి మొదలైంది. గుడిసంత గది, గోడలు వేడెక్కి చిటపటమంటున్నాయి. కిందికి దిగే మూత నా కాళ్ళ కిందే మూసుకుంది. ఆ చప్పుడు ఒంట్లోంచి ఇంకా పోలేదు.

ఇక్కడ గోడకు ఒక బోర్డు ఉంది. ఏ అరకు ఎంతమందికి గాలి వెళ్తోందో అంకెలు వెలుగుతాయి. కింద తలుపులు మూసుకుంటున్న కొద్దీ ఒక్కో సందు వెలుగుతూ వస్తుంది. ఫ్యాన్లు సరిచూసుకోవడానికి పెట్టారు దాన్ని. నేను ఫ్యాన్లు చూడలేదు.

నాలుగో సందు వెలిగింది. మద్దిలేటి అర: మూడు. సందు చివర హుసేనమ్మ అర చీకటిగా ఉంది. అయిదో సందు. ఆరో సందు. ఆరు దగ్గర ఆగిపోయింది. ఏడో సందు తలుపులు ఎప్పుడూ ఆలస్యమే, పుట్టగొడుగుల బళ్ళన్నీ లోపలికి తోసుకుంటే గానీ మూయరు. నాకు తెలుసు. తెలిసినా బోర్డు ముందునుంచి కదలలేదు.

పలక మార్పించాలంటే ఎవరైనా తలుపులు పడేలోపు ఆఫీసుకు పరిగెత్తాలి. కూత వేసిన గందరగోళంలో, పిల్లల్ని, సామాన్లను లోపలికి చేర్చుకునే హడావుడిలో, గడప మీద చుట్టి పడి ఉన్న ఒక బొంతను ఎవరు చూస్తారు? చూసినా తెల్లారాక ఆలోచిద్దాం అనుకోవచ్చు. అది మా పద్ధతే. తప్పు పట్టడానికి లేదు.

మూడో జల్లెడ కింద గంట మోగింది, దుమ్ము నిండిందని. బయటికి వెళ్ళాలి. చేతి తొడుగులు వేసుకున్నాను. మళ్ళీ బోర్డు వైపు చూశాను.

ఏడో సందు వెలిగింది. చివరి నుంచి రెండో అర సుంకన్నది. సుంకన్న, వాడి భార్య, ఇద్దరు కొడుకులు. వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టాను. నలుగురే.

బోర్డు మీద అయిదు ఉంది.

చాలాసేపు దాని ముందు నిలబడ్డాను. గంట మోగుతూనే ఉంది. వరదప్ప ఎప్పుడైనా ఈ పేజీ దాకా వస్తే, మూడో జల్లెడ దులపడం ఎందుకు ఆలస్యమైందో ఇదీ కారణం.

ఇప్పుడు వెళ్తున్నాను. తాడు నడుముకు రెండు చుట్లు కట్టుకున్నాను. ముడి మూడుసార్లు లాగి చూశాను.